పూడిక తీసేవాళ్లేరీ?

మొన్న మా ఆఫీసులో ఏడాది కిందట చేరిన కుర్రాడొకడు నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, పోస్ట్‌గ్రెస్ కస్టమర్ కేర్ నంబరు ఉందా మీ దగ్గర?" అని అడిగాడు. డేటాబేస్ నెమ్మదించిందట, ఫిర్యాదు చెయ్యాలట. చదువుకున్న పిల్లవాడు, పనిమంతుడు. ఏడాదిగా ఆ డేటాబేస్ మీద పని చేసే జీతం తీసుకుంటున్నాడు. దాన్ని ఎవరు రాశారో, ఎవరు బాగుచేస్తున్నారో, అసలు దానికి యజమాని అంటూ ఉన్నాడో లేడో అతనికి ఒక్కరూ చెప్పలేదు.

"నాయనా, దానికి కంపెనీ లేదు, నంబరూ లేదు. మనుషులున్నారు" అన్నాను.

"మరి రిపేరు వస్తే ఎవరు చూస్తారు సార్?"

మా రోజుల్లో ఈ ప్రశ్న ఎవరూ అడిగేవాళ్లు కాదు. చూడాల్సింది మనమేనని అందరికీ తెలుసు.

నేను 1999లో అమీర్‌పేటలో ఒరాకిల్ నేర్చుకున్నాను. మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్సు నోట్సు కొనుక్కుని, రూములో ముగ్గురం ఒక్క కంప్యూటరు పంచుకుని నేర్చుకున్న చదువు అది. ఒరాకిల్ లైసెన్సు కొనే స్థోమత మాకే కాదు, మాకు మొదట ఉద్యోగాలిచ్చిన చిన్న సంస్థలకీ లేదు. ఆ రోజుల్లో పీసీ క్వెస్ట్ పత్రికతో పాటు లైనక్స్ సీడీ ఇచ్చేవారు. ఆ సీడీలో ఒక మూల పోస్ట్‌గ్రెస్ ఉండేది. డబ్బు కట్టక్కర్లేదు, దొంగతనమూ కాదు. కాపీ సీడీల మీద బతికిన మాకు ఆ రెండో మాట చాలా పెద్దది. పైగా సోర్సు కోడు మొత్తం కళ్లెదుట ఉంది. ఇంటర్నెట్‌కి గంటల లెక్కన డబ్బు కట్టే కాలం కదా, అందుకని సీడీతో వచ్చిన డాక్యుమెంటేషన్‌ని ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, అంచుల్లో తెలుగులో రాసుకుంటూ చదివాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అట్ట ఊడిపోయింది, అంతే.

దాని పుట్టుక తెలిశాక అభిమానం ఇంకా పెరిగింది. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ 1986లో మొదలుపెట్టిన పరిశోధన అది. ఆయన పని ముగిశాక ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు దానికి ఎస్‌క్యూఎల్ నేర్పారు. ఆ తర్వాత దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. 1996లో కెనడా నుంచి మార్క్ ఫోర్నియే తన సర్వరులో చోటిస్తానన్నాడు. అమెరికా నుంచి బ్రూస్ మోమ్‌జియన్, రష్యా నుంచి వదీమ్ మిఖేయెవ్ చెయ్యి వేశారు. కొద్దికాలానికి టామ్ లేన్ వచ్చాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోని మనుషులు. తల్లిదండ్రులు లేని బిడ్డని ఇరుగుపొరుగు తలా ఒక ముద్ద పెట్టి పెంచినట్టు పెంచారు.

నాకు వాళ్ల విలువ తెలిసింది మాత్రం గుంటూరులో.

2002 వేసవి. ఒక మిర్చి వ్యాపార సంస్థకి తూకాల లెక్కలు రాసే సాఫ్ట్‌వేరు పెట్టాం. సీజను ఉధృతంగా ఉంది, లారీలు బారులు తీరి ఉన్నాయి, ఎంట్రీలు నెమ్మదిగా పడుతున్నాయని గొడవ. వేగం కోసం ఎఫ్‌సింక్ అనే సెట్టింగు ఆపేశాం. "నిజంగా డిస్కు మీద రాశావా?" అని అడిగి, రాశానన్న జవాబు వచ్చాకే ముందుకు కదలడం ఎఫ్‌సింక్ పని. ఆ అడగడం మానేస్తే వేగం వస్తుంది, పూచీ పోతుంది. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే చచ్చి ఉంది. మర్నాడు పొద్దున్నే గుమాస్తా గారు పిలిచి, "బాబూ, నిన్నటి తూకాలు కొన్ని రెండేసిసార్లు కనబడుతున్నాయి, చూడు" అన్నారు. చూస్తే నిజమే. దిద్దక ముందున్న వరసా, దిద్దాక వచ్చిన వరసా రెండూ బతికే ఉన్నాయి. ఇండెక్సు పాడైంది.

సాయం చెయ్యమని ప్రాజెక్టు వాళ్లకి మెయిల్ రాశాను. పనిచెయ్యడం లేదు, చాలా అర్జెంటు అని రాశాను. తెల్లారేసరికి జవాబు వచ్చింది. అందులో తిట్టు లేదు, ఓదార్పూ లేదు. మూడు ప్రశ్నలున్నాయి. ఏ వెర్షను? సరిగ్గా ఏ ఆదేశం ఇస్తే ఏం వచ్చింది? దీన్నే ఒక చిన్న టేబుల్‌తో మళ్లీ జరిపించి చూపగలవా? ఆ మూడో ప్రశ్న నన్ను రెండు రాత్రులు కూర్చోబెట్టింది. పది వరసల టేబుల్ చేసి, ఎఫ్‌సింక్ ఆపి, ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టి చూశాను. పదోసారికో పన్నెండోసారికో అదే రోగం కనబడింది. కారణం నాకే తెలిసిపోయింది. అదే రాస్తే, "సెట్టింగు ఆన్ చెయ్యి, ముందురోజు బ్యాకప్ ఎక్కించుకో, ఆ పూట తూకాలు చీటీలు చూసి మళ్లీ కొట్టించు" అని జవాబు. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. నా దగ్గర పైసా తీసుకోలేదు.

ఊరికే తిన్న అన్నం కొందరికి అరగదు, అప్పుడు మాకు అరిగేది కాదు. డాక్యుమెంటేషన్‌లో ఆ సెట్టింగు గురించి రాసిన పేరా నాలాంటివాడికి అర్థమయ్యేలా లేదనిపించి మూడు వాక్యాలు రాసి పంపాను. రెండుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి ఫార్మాటు సరిగా లేదని, రెండోసారి నేను చెప్పినదానికి రుజువేదని. మూడోసారి తీసుకున్నారు. మూడు వాక్యాలకి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నేర్చుకున్నది మూడేళ్ల ఉద్యోగంలో నేర్చుకోలేదు.

అప్పట్లో అందరం ఇలాగే ఉండేవాళ్లం. బగ్గు కనబడితే మూలుగుతూ కూర్చోకుండా, అది ఎలా పుడుతుందో పట్టుకుని చెప్పేవాళ్లం. తర్వాత్తర్వాత కమిట్‌ఫెస్ట్ పద్ధతి వచ్చింది. రెండేసి నెలలకోసారి కొత్త ప్యాచ్‌లన్నీ, అంటే జనం పంపిన కోడు మార్పులన్నీ, ఒక చోట చేర్చి, ఒక నెలపాటు కూర్చుని చదవడం. దానికో కట్టుబాటు ఉంది, ఇప్పటికీ ఉంది. నువ్వు ఒక ప్యాచ్ పెడితే, దాదాపు అంతే బరువున్న ఇంకొకరి ప్యాచ్ నువ్వు చదవాలి. ఇవాళ మీ చేలో మేం నాట్లు వేస్తే రేపు మా చేలోకి మీరు వచ్చినట్టు. పల్లెటూరి నుంచి వచ్చిన నాకు ఈ నియమం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

ఇప్పుడేమైందో చూడండి.

ఇప్పటి పిల్లలకి డేటాబేస్ అంటే క్లౌడులో ఒక బటను. నొక్కితే వస్తుంది, నెలాఖరుకి బిల్లు వస్తుంది. బిల్లు పంపినవాడే దాన్ని రాశాడనుకుంటారు. కొందరు రాయిస్తున్న మాటా నిజమే, పెద్ద క్లౌడు కంపెనీలు కొన్ని జీతాలిచ్చి పోస్ట్‌గ్రెస్ డెవలపర్లని పెట్టుకున్నాయి. వాళ్లని నేను తప్పుపట్టను. నా గొడవ మిగతావాళ్లతో. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఎన్ని కంపెనీల లెక్కలు, బిల్లులు, ఆస్పత్రి రికార్డులు దీని మీద నడుస్తున్నాయి! వీటిలో ఒక్క ప్యాచ్ చదివిన కంపెనీలు ఎన్ని? నేను పనిచేసిన ఒక చోట, వారానికి ఒక్క పూట మా టీములో ఇద్దరిని ఈ పనికి వదలమని అడిగాను. "దీనివల్ల మనకేంటి?" అన్నారు పైవాళ్లు. ఆరేళ్లుగా లైసెన్సు ఖర్చు లేకుండా వ్యాపారం చేసుకుంటున్నామని చెప్పాను. ఆ నెలలోనే వార్షికోత్సవానికి స్టార్ హోటల్లో హాలు బుక్ చేశారు. ఇంకో చోట ఉద్యోగ ఒప్పందంలోనే రాసి ఉంది: ఆదివారం ఇంట్లో కూర్చుని రాసిన కోడు కూడా కంపెనీదే, బయటికి పంపడానికి వీల్లేదు. తీసుకోవడానికి అడ్డం రాని చట్టం ఇవ్వడానికి వచ్చింది.

పిల్లల సంగతికి వస్తే, ఇవ్వాలన్న కోరిక వాళ్లలో లేదని నేను అనను. కోరిక ఉంది, కానీ అది రెజ్యూమే మీదకి మళ్లింది. 2020 అక్టోబరులో ఒక ఆన్‌లైన్ కార్యక్రమం ఇస్తానన్న టీషర్టు కోసం ప్రపంచమంతటా ప్రాజెక్టుల మీదకి వేలకొద్దీ పనికిరాని మార్పులు వచ్చిపడ్డాయి. రీడ్‌మీ ఫైల్లో "అమేజింగ్ ప్రాజెక్ట్" అని రెండు మాటలు చేర్చి పంపడం, అదే కాంట్రిబ్యూషను! పంపినవాళ్లలో మన దేశం పిల్లలు చాలామంది ఉన్నారని తెలిసినప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. చివరికి నిర్వాహకులు పద్ధతి మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చెయ్యాల్సి వచ్చింది.

ఇప్పుడు దాన్ని మించింది వచ్చింది. నాలుగు వందల లైన్ల ప్యాచ్‌ని ఏఐ పది నిమిషాల్లో రాసిస్తుంది. చదవడానికి మాత్రం పాత కాలంలో ఎంత పట్టేదో ఇప్పుడూ అంతే పడుతుంది. కర్ల్ అనే ప్రాజెక్టుని దశాబ్దాలుగా మోస్తున్న డేనియల్ స్టెన్‌బర్గ్ 2024 నుంచి మొత్తుకుంటున్నాడు, లేని లోపాల మీద ఏఐతో రాయించిన నివేదికలు చదవలేక చస్తున్నామని. మా ఆఫీసులో ఒక అమ్మాయి ఒక మార్పు తెచ్చి చూపించింది. చక్కగా ఉంది. "ఇక్కడ లాక్ ఎందుకు తీసుకున్నావమ్మా?" అని అడిగాను. "టూల్ అలా రాసింది సార్" అంది. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఒక్క లైను మీద గంటన్నర గడిపాం. చివరికి ఆ లాక్ అక్కర్లేదని తనే తేల్చింది. ఆ గంటన్నరలో తన మొహంలో వచ్చిన వెలుగు నేను చూశాను. కాబట్టి పిల్లలు చెడిపోయారని నాతో అనొద్దు. పక్కన కూర్చునే పెద్దవాళ్లు కరువయ్యారు.

చదవడం అంటే ఏమిటో కూడా చెబుతాను, చాలామందికి తెలియదు కనక. ప్యాచ్‌ని తెచ్చి మన మెషిన్‌లో అతికించాలి. కంపైల్ చెయ్యాలి. ఉన్న పరీక్షలన్నీ నడపాలి. తర్వాత దాన్ని విరగ్గొట్టడానికి పూనుకోవాలి. ఖాళీ విలువలు ఇచ్చి చూడాలి, రెండు సెషన్లు ఒకేసారి నడిపి చూడాలి, మధ్యలో సర్వరుని చంపి చూడాలి. నేనైతే తెలుగు ఇచ్చి చూస్తాను. 'తెలుగు' మనకి మూడక్షరాలు, పోస్ట్‌గ్రెస్ పొడవు అడిగితే 6 అంటుంది, గుణింతపు గుర్తుల్ని కూడా లెక్కపెడుతుంది కనక. యూటీఎఫ్-8లో అదే మాట 18 బైట్లు. పేరుకి ఇరవై చాలనుకుని కాలమ్ చేసినవాళ్ల దగ్గర మన పేర్లు పట్టక ఆగిపోవడం ఎన్నిసార్లు చూశానో. ఇలాంటివి చూసి చెప్పడానికి గొప్ప ప్రోగ్రామరు అక్కర్లేదు. మన భాష తెలిసి, ఓపిక ఉన్న మనిషి చాలు.

చదవడం లాగే ఎవరికీ కనబడని పని ఇంకొకటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక వరసని మారిస్తే పాతది వెంటనే చెరిగిపోదు. దాన్ని ఇంకా ఎవరో చదువుతూ ఉండొచ్చు కనక కొత్తదాన్ని వేరేగా రాస్తుంది. పాత వరసలు టేబుల్ అడుగున పేరుకుంటూ పోతాయి. వాటిని తీసెయ్యడాన్ని వాక్యూమ్ అంటారు, నేను పూడిక తీయడం అంటాను. మా రోజుల్లో రాత్రిపూట దానికో స్క్రిప్టు పెట్టుకునేవాళ్లం. 2005లో 8.1 వెర్షనుతో ఆ పని సర్వరు లోపలికే చేరింది, ఇప్పుడు తనంతట తాను జరిగిపోతోంది. అది మంచిదే. కానీ పూడిక తీయడం అనే పని ఒకటుందన్న సంగతే జనం మరిచిపోయారు. ఏ సంస్థలోనో ఎవడో ఒక లావాదేవీని తెరిచి వదిలేసి దానికి అడ్డం పడతాడు, లావాదేవీల నంబర్లు 32 బిట్ల హద్దుకి దగ్గరవుతాయి, ఇక కొత్తవి రాయనని సర్వరు మొండికేస్తుంది. అప్పుడు ఫోన్లు.

ప్రాజెక్టుకి కూడా పూడిక పడుతుంది. ఏటా ఒక కొత్త వెర్షను వస్తుంది, ఒక్కోదాన్నీ ఐదేళ్లు కాపాడాలి. అంటే ఏ రోజు చూసినా కనీసం ఐదు వెర్షన్లు చేతిలో ఉంటాయి. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు, ఏడాదికి నాలుగుసార్లు వాటన్నిటికీ మరమ్మతులు విడుదల చెయ్యాలి. పాత సిస్టముల్లో, కొత్త ప్రాసెసర్లలో నడుస్తోందో లేదో చూడటానికి 2004 నుంచి బిల్డ్‌ఫార్మ్ అని ఒకటుంది. మనుషులు తమ సొంత మెషిన్లని ఇచ్చి, రోజూ కొత్త కోడుని కంపైల్ చేయించి ఫలితం పంపుతారు. ఒక్కో మెషిన్‌కి ఒక్కో జంతువు పేరు. దీనికి చప్పట్లు ఎవరూ కొట్టరు. ఇదే అసలు పని. 2018లో క్రెయిగ్ రింగర్ ఒక విషయం బయటపెట్టాడు: డిస్కు మీద రాయడం ఒకసారి విఫలమయ్యాక మళ్లీ అడిగితే లైనక్స్ "రాశాను" అని చెప్పగలదని. నా గుంటూరు సెట్టింగే! అందరం ఏళ్ల తరబడి నమ్మిన జవాబే తప్పని తేలింది. నెలల తరబడి పరీక్షించి, లైనక్స్ కెర్నల్ వాళ్లతో మాట్లాడి, 2019 ఫిబ్రవరిలో దాన్ని దిద్దారు. ఇప్పుడు అలా జరిగితే సర్వరు తనని తాను ఆపుకుని, లాగ్ నుంచి మళ్లీ లేస్తుంది. ఆ మార్పు వల్ల ఎవరి బ్యాంకు ఖాతాలో ఎంత డబ్బు భద్రంగా ఉందో వాళ్లకి ఎప్పటికీ తెలియదు.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. ఈ గొర్రె ఎందుకు చావలేదో చూస్తే, ఒక కారణం దాన్ని ఎవరూ అమ్మలేకపోవడం. మైఎస్‌క్యూఎల్ ఒక కంపెనీ సొత్తు కనక 2008లో సన్ దాన్ని సుమారు వంద కోట్ల డాలర్లకి కొన్నది, సన్‌ని 2010లో ఒరాకిల్ కొన్నది. పుట్టించిన మాంటీ వీడెనియస్ విడిపోయి మరియాడీబీ పెట్టుకోవాల్సి వచ్చింది. రెడిస్ 2024 మార్చిలో లైసెన్సు మార్చేస్తే, ఇన్నేళ్లు దానికి కోడు రాసినవాళ్లు వాల్కీ అని వేరు కాపురం పెట్టారు. పోస్ట్‌గ్రెస్ కోర్ టీములో మాత్రం సగానికి మించి ఒకే కంపెనీ వాళ్లు ఉండకూడదు. 2020లో రెండు పెద్ద కంపెనీలు కలిసిపోయి ఆ లెక్క తప్పితే, బయటి నుంచి ఇద్దరిని చేర్చి సరిచేసుకున్నారు. మన సంఘాలు, సొసైటీలు నేర్చుకోవాల్సిన శుభ్రత ఇది.

కానీ మనుషులే కదా మొయ్యాలి. 2024 మార్చి 26న సైమన్ రిగ్స్ విమాన ప్రమాదంలో పోయారు. ఫలానా నిమిషం దాకా డేటాబేస్‌ని వెనక్కి తెచ్చుకునే వీలు 8.0లో తెచ్చింది ఆయనే. స్టాండ్‌బై సర్వరు మీద క్వెరీలు నడపడం 9.0లో వచ్చిందీ ఆయన పని వల్లే. ఆ రెంటి మీద నేను ఎన్ని సంస్థల్ని ఒడ్డున పడేశానో లెక్కలేదు. ఆయనతో ఒక్కసారీ మాట్లాడలేదు. ఆ రోజు నాకు ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది.

సరిగ్గా మూడు రోజుల తర్వాత, మార్చి 29న, పోస్ట్‌గ్రెస్ డెవలపరే అయిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో ఎవరో పెట్టిన దొంగదారిని బయటపెట్టాడు. ఏదో పనితీరు కొలుస్తుంటే లాగిన్ అర సెకను ఆలస్యమవడం కంటబడింది. అర సెకనే కదా అని వదల్లేదు, తవ్వాడు. ఆ లైబ్రరీని ఏళ్లుగా ఒక్క మనిషి మోస్తున్నాడు. అలసిపోయి ఉన్నాడు. సాయం చేస్తానని వచ్చినవాడు రెండేళ్లకి పైగా నమ్మకంగా పనిచేసి, ఆ తర్వాత విషం కలిపాడు. ఆ అలసిన మనిషికి ఇద్దరు నిజమైన తోడు దొరికి ఉంటే ఆ దొంగకి చోటుండేది కాదు. ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లు వాడుకున్న పనికి ఇద్దరు దొరకలేదు.

అప్పటికన్నా ఇప్పుడు బాగున్నవి లేవని కాదు. కోడు చూడటం తేలికైంది, పరీక్షలు వాటంతటవే నడుస్తున్నాయి, మన దేశం నుంచి అమిత్ కపిలా వంటివారు మార్పుల్ని నేరుగా కోడులో చేర్చే కమిటర్లయ్యారు. 9.6లో ఒకే క్వెరీని పలు ప్రాసెస్‌లు కలిసి చేసే పద్ధతి వెనక ఆయన చెమట ఉంది. దారి తెరిచే ఉంది. నడిచేవాళ్లు కావాలి.

అందుకే మా కుర్రాడికి ఆ రోజు నంబరు బదులు ఒక పని ఇచ్చాను. మీకూ అదే చెబుతున్నాను. పోస్ట్‌గ్రెస్‌లో మాటల్ని వెతికే సదుపాయం ఉంది. భాష తెలిస్తే అది మాట చివరలు కత్తిరించి మూలం పట్టుకుంటుంది. మార్టిన్ పోర్టర్ మొదలుపెట్టిన స్నోబాల్ నియమాలతో ఇది నడుస్తుంది. తెలుగుకి అలాంటివి లేవు. అందుకని 'పుస్తకం' అని వెతికితే 'పుస్తకాలు' దొరకదు, 'పుస్తకాన్ని' దొరకదు, 'పుస్తకంలో' దొరకదు. మన గ్రంథాలయాల జాబితాలు, పత్రికల పాత సంచికలు ఎన్ని ఎక్కించినా ఇదే గతి. మనది మాటకి మాట అతుక్కునే భాష, నియమాలు రాయడం తేలిక కాదు, నిజమే. విభక్తులు, బహువచనాలు, క్రియల చివరలు నేను ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వస్తున్నాను, సంధుల దగ్గర వ్యాకరణం తెలిసినవాళ్లు కావాలి. తెలుగు మాస్టార్లు, ఎం.ఏ. చదివే పిల్లలు, కోడు రాసే పిల్లలు ఒక వేసవి సెలవులు కలిసి కూర్చుంటే అయ్యే పని ఇది. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పోస్ట్‌గ్రెస్‌లోకి తమిళం 2019లో 12వ వెర్షనుతో చేరింది. హిందీ 2021లో 14తో చేరింది. 2025లో వచ్చిన 18లోనూ తెలుగు లేదు.